తెరుచుకుంటూ, మూసుకుంటూ: అమెరికా రాజకీయాల చరిత్ర, సాక్ష్యం

వాషింగ్టన్‌లో వెలువడే ఒక ఉత్తర్వు తెలంగాణలోని ఒక కుటుంబం తెచ్చిన విద్యారుణాన్ని, కుదుర్చుకున్న పెళ్లి సంబంధాన్ని, పుట్టబోయే మనవడి పౌరసత్వాన్ని ఒకేసారి సందిగ్ధంలో పడవేయగల కాలం ఇది. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికా ఉన్నత విద్యాసంస్థల్లో 3,63,019 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. మరే దేశం నుంచీ అంతమంది అక్కడ లేరు. నైపుణ్యం గల విదేశీ ఉద్యోగులకు తాత్కాలికంగా ఇచ్చే హెచ్-1బి వీసా ఆమోదాల్లో పదింట ఏడు వంతులు కొన్నేళ్లుగా భారతీయులవే. ఈ రెండు వర్గాల్లోనూ తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు కనుక, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లోని పాఠకునికి అమెరికా రాజకీయాలు ఇప్పుడు ఇంటి వ్యవహారాల్లో ఒక భాగమయ్యాయి.

ఇంత దగ్గరి విషయాన్ని అర్థం చేసుకోవడానికి మన సమాజం ఎక్కువగా ఆధారపడుతున్నది మాత్రం వాట్సాప్ సందేశాల మీద, భయాన్నో ఆశనో పెంచే వీడియోల మీద. వాటిలో ప్రతి పరిణామానికీ ఒకే కారణం కనిపిస్తుంది: ఒక అధ్యక్షుని స్వభావం. అధ్యక్షుని స్వభావానికి ప్రాధాన్యం ఉన్న మాట నిజమే అయినా, ఆయన ఉపయోగిస్తున్న అధికారాలు, ఆయనకు మద్దతునిస్తున్న ఆలోచనలు, ఆయనను అడ్డుకుంటున్న వ్యవస్థలు ఆయన కంటే ఎంతో పాతవి. వాటి చరిత్రను తెలుసుకుని, ప్రతి వార్త వెనుక ఉన్న సాక్ష్యాన్ని పరిశీలించినప్పుడే, భయపడవలసినది ఏదో, వేచి చూడవలసినది ఏదో వేరుచేసి గుర్తించడం సాధ్యమవుతుంది.

నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఇల్లు

అమెరికా రాజకీయాలతో హైదరాబాద్‌కు ఉన్న సంబంధం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మొదలైందన్న అభిప్రాయం చరిత్రకు నిలవదు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ భవనం విద్యావేత్త అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నివాసం. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి స్థిరపడింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం తన తొలి అడుగులు వేసింది కూడా అక్కడి నుంచే. ఆ ఇంటి పిల్లల్లో ఇద్దరి జీవితాలు అమెరికా రాజకీయాలను తాకాయి.

సరోజిని తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బెర్లిన్‌లో భారతీయ విప్లవకారుల కమిటీని నడిపినవారిలో ముఖ్యుడు. కాలిఫోర్నియా కేంద్రంగా పనిచేసిన గదర్ పార్టీతో ఆ కమిటీకి సంబంధాలుండేవి. కనిగిరి ప్రాంతం నుంచి 1912లో చదువు కోసం అమెరికా వెళ్లి ఆ పార్టీలో చేరి, తరువాత జైలు పాలైన దరిశి చెంచయ్య ఆ చరిత్రలో మన తెలుగువాడు. 1917 నవంబర్ నుంచి 1918 ఏప్రిల్ వరకు శాన్ ఫ్రాన్సిస్కోలో సాగిన కుట్ర కేసులో అమెరికా ప్రభుత్వం భారతీయ విప్లవకారులను విచారించి శిక్షించడంతో, అక్కడి వలసదారుడు దేశభద్రత పేరిట అనుమానితుడు కావడం ఎలా ఉంటుందో భారతీయులు మొదటిసారి పెద్ద ఎత్తున అనుభవించారు.

పదేళ్ల తరువాత, 1928-29లో, సరోజినీ నాయుడు అమెరికాలో పర్యటించారు. భారతీయులు స్వపరిపాలనకు తగినవారు కారన్న భావాన్ని ప్రచారం చేస్తూ క్యాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి 1927లో రాసిన ‘మదర్ ఇండియా’ అక్కడ విస్తృతంగా చదవబడుతున్న కాలమది. భారతదేశపు వాదనను అమెరికన్ శ్రోతలకు స్వయంగా వినిపించడమే ఆ పర్యటన ఉద్దేశం. ఆమె సభలకు గౌరవం లభించింది. అదే సమయంలో ఆ దేశపు చట్టం ప్రకారం భారతదేశం నుంచి వెళ్లిన భారతీయులెవరికీ అక్కడ పౌరసత్వం పొందే వీలు లేదు, స్థిరనివాసం కోసం ప్రవేశించే వీలు కూడా లేదు. ప్రతిభను గౌరవించే అమెరికా, పుట్టుకను బట్టి తలుపు మూసే అమెరికా ఒకే కాలంలో పక్కపక్కనే ఉండగలవన్న ఈ సత్యం నేటి పరిస్థితికి మొదటి పాఠం.

తలుపు చరిత్ర

అమెరికా తొలి కాంగ్రెస్ 1790లో చేసిన చట్టం విదేశీయులకు పౌరసత్వం ఇచ్చే అర్హతను బానిసత్వంలో లేని శ్వేతజాతీయులకు మాత్రమే పరిమితం చేసింది. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన తరువాత, 1868లో ఆమోదం పొందిన పద్నాలుగో రాజ్యాంగ సవరణ అమెరికా గడ్డపై పుట్టి, ఆ దేశపు చట్టపరిధికి లోబడి ఉన్న ప్రతి వ్యక్తీ పౌరుడేనని ప్రకటించింది. 1870లో విదేశాల నుంచి వచ్చిన ఆఫ్రికా సంతతి వారికీ పౌరసత్వ అర్హత లభించింది. ఆసియా వాసులు మాత్రం బయటే మిగిలారు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధించిన చట్టం, 1917లో భారతదేశంతో సహా ఆసియాలో అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించిన చట్టం ఆ వరుసలో వచ్చాయి.

భారతీయుల విషయంలో నిర్ణాయకమైన తీర్పు 1923 ఫిబ్రవరి 19న వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, నాటి మానవశాస్త్రజ్ఞుల వర్గీకరణ ప్రకారం ఉత్తర భారతీయులు కాకేషియన్ జాతికి చెందుతారు కనుక తాను శ్వేతజాతీయుల పరిధిలోకి వస్తానని వాదించారు. అంతకు మూడు నెలల ముందే, జపాన్‌లో పుట్టిన టకావో ఒజావా కేసులో, శ్వేతజాతీయుడంటే కాకేషియన్ అని చెప్పి సుప్రీంకోర్టు ఆయన అభ్యర్థనను తిరస్కరించింది. థింద్ కేసులో అదే కోర్టు ఏకగ్రీవంగా దారి మార్చి, శాస్త్రవర్గీకరణతో నిమిత్తం లేదనీ, సామాన్య జనం ఎవరిని శ్వేతజాతీయులుగా భావిస్తారన్నదే ప్రమాణమనీ తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన అనేకమంది భారతీయుల పత్రాలను రద్దు చేయించడానికి ప్రభుత్వం కోర్టులకెక్కింది. సాక్ష్యం అనుకూలంగా ఉన్నప్పుడు స్వీకరించి, ప్రతికూలమైనప్పుడు పక్కనపెట్టిన న్యాయనిర్ణయానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

1924 నాటి చట్టం, పౌరసత్వానికి అర్హత లేని జాతుల వారికి వలస ప్రవేశమే లేదని శాసించి ఆ తలుపుకు గడియ వేసింది. భీమవరంలో పుట్టి, ఆ దశకం మొదట్లోనే బోస్టన్ చేరి, హార్వర్డ్‌లోనూ తరువాత లెడర్లీ ప్రయోగశాలలోనూ పరిశోధనలు చేసి, ప్రపంచ వైద్యానికి అమూల్యమైన ఔషధాలను అందించడంలో ప్రధాన పాత్ర వహించిన యల్లాప్రగడ సుబ్బారావు తన అమెరికా జీవితంలో అధిక భాగం ఈ చట్టాల నీడలోనే గడిపి, 1948లో ఆ దేశ పౌరుడు కాకుండానే కన్నుమూశారు. 1946లో వచ్చిన చట్టం భారతీయులకు పౌరసత్వ హక్కును అంగీకరించినా, వలసకు కేటాయించిన వార్షిక సంఖ్య కేవలం 100.

అసలు మలుపు 1965లో వచ్చింది. నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం జాతివివక్షను చట్టాల నుంచి తొలగించిన ఊపులోనే, ఓటు హక్కుల చట్టం వచ్చిన ఆ సంవత్సరమే, జాతుల వారీ కోటాలను రద్దు చేసే వలస చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అక్టోబర్ 3న సంతకం చేశారు. ఉస్మానియా, గాంధీ, గుంటూరు, ఆంధ్ర వైద్య కళాశాలల పట్టభద్రులు అమెరికా ఆసుపత్రులకు చేరగలగడానికి ఆధారం ఆ చట్టమే. దాని వెనుక ఉన్నది నల్లజాతి ప్రజల త్యాగం. ఈ రుణాన్ని అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మరచిపోకూడదు.

ఆ తరువాత 1990లో పెద్ద జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టం హెచ్-1బి వీసాను నేటి రూపంలో స్థాపించి, ఏటా 65,000 పరిమితి విధించింది. కంప్యూటర్ రంగం విస్తరిస్తున్న రోజుల్లో 2001 నుంచి 2003 వరకు అది 1,95,000కు పెరిగి, 2004లో మళ్లీ తగ్గింది. అమెరికాలో మాస్టర్స్ చదివిన వారికి అదనంగా 20,000 చేరింది. హైటెక్ సిటీ తరం అమెరికా ప్రయాణం ఈ అంకెల చుట్టూనే సాగింది.

ఈ చరిత్ర వెనుక ఒక కొలత ఉంది. అమెరికా జనాభాలో విదేశాల్లో పుట్టినవారి వాటా 1890లో 14.8 శాతం, ఆ స్థాయి కొనసాగిన దశాబ్దాల తరువాతే 1917, 1924 చట్టాలు వచ్చాయి. ఆ చట్టాల ఫలితంగా ఆ వాటా 1970 నాటికి 4.7 శాతానికి పడిపోయింది. 1965 చట్టం తరువాత క్రమంగా పెరిగి, 2023లో 14.3 శాతానికి చేరింది. వలసదారుల వాటా ఒక స్థాయికి చేరినప్పుడల్లా వ్యతిరేకత తప్పదన్న శాశ్వత సూత్రమేదీ ఈ అంకెల నుంచి రాదు. వలస, ఆర్థిక అభద్రత, సాంస్కృతిక మార్పు ఒకేసారి ముందుకు వచ్చినప్పుడు తలుపు మూయాలనే రాజకీయానికి జనాదరణ లభించడం ఆ దేశంలో కొత్తేమీ కాదన్న నిర్ధారణకు మాత్రం అవి గట్టి ఆధారం.

శాసనసభ గుమ్మం నుంచి చూస్తే

చరిత్ర తరువాత తెలియవలసినది వ్యవస్థ. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని ఉన్న తెలంగాణ శాసనసభలో 119 మంది ఎన్నికైన సభ్యులుంటారు. వారిలో 60 మంది మద్దతు ఉన్నంతకాలమే ముఖ్యమంత్రి పదవిలో ఉంటారు. ప్రభుత్వ బడ్జెట్ సభలో ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. అమెరికాలో అధ్యక్షుడు శాసనసభ నుంచి రాడు, దాని విశ్వాసం మీద ఆధారపడడు, నాలుగేళ్ల గడువుకు ఎన్నికవుతాడు. కాంగ్రెస్ అని పిలిచే అక్కడి పార్లమెంటులో ప్రతినిధుల సభ, సెనేట్ అనే రెండు సభలూ ఖర్చులకు ఆమోదం తెలపకపోతే, ప్రభుత్వం పడిపోదు గాని దాని కార్యాలయాలు మూతబడతాయి. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులపాటు సాగిన ప్రతిష్టంభన అప్పటివరకు ఆ దేశ చరిత్రలో దీర్ఘమైనది. రెండు సభల్లోనూ అధ్యక్షుని పార్టీకే ఆధిక్యం ఉన్నా అది జరగడానికి కారణం, వంద మంది ఉన్న సెనేట్‌లో చాలా బిల్లులపై చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లడానికి 60 మంది సమ్మతి అవసరం కావడం.

కాంగ్రెస్‌లో చట్టం చేయడం ఇంత కష్టం కావడం వల్లనే, ఏ పార్టీ అధ్యక్షుడైనా తన సొంత ఉత్తర్వుల ద్వారా పాలించే ధోరణి పెరిగింది. హైదరాబాద్ పాఠకునికి ఈ తేడా చట్టానికీ జీవోకూ మధ్య ఉన్న తేడాగా సులభంగా అర్థమవుతుంది. ఒక అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వును తరువాతి అధ్యక్షుడు రద్దు చేయవచ్చు, కోర్టు నిలిపివేయవచ్చు. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని ఉత్తర్వు మార్చలేదు. రాజ్యాంగాన్ని చట్టం కూడా మార్చలేదు.

పార్టీల స్వరూపం మరింత భిన్నమైనది. నాంపల్లిలోనే కాంగ్రెస్ పార్టీ కార్యాలయం గాంధీ భవన్‌తో పాటు భారతీయ జనతా పార్టీ రాష్ట్ర కార్యాలయం కూడా ఉంది. టికెట్ ఎవరికివ్వాలో పార్టీ అధిష్ఠానం నిర్ణయిస్తుంది, బి-ఫారం అందుకున్నవారే పార్టీ గుర్తుపై పోటీ చేస్తారు. అమెరికాలో పార్టీ అభ్యర్థిని ప్రధానంగా ప్రైమరీలు అనే ప్రాథమిక ఎన్నికల్లో సామాన్య ఓటర్లే ఎన్నుకుంటారు. 1968లో షికాగోలో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ మహాసభ తీవ్ర ఘర్షణల మధ్య ముగిసిన తరువాత వచ్చిన సంస్కరణలు అధ్యక్ష అభ్యర్థి ఎంపికను పార్టీ పెద్దల చేతి నుంచి ప్రైమరీ ఓటర్లకు అప్పగించాయి. 2016లో రిపబ్లికన్ పార్టీ నాయకత్వంలో అనేకులు వ్యతిరేకించినా డొనాల్డ్ ట్రంప్ ఆ పార్టీ అభ్యర్థి కాగలగడానికి ఈ మార్పే దారి ఏర్పరచింది. ప్రైమరీలో ఓటు వేసేవారు తక్కువ, వారిలో పట్టుదల గలవారు ఎక్కువ. కనుక పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, విప్ ధిక్కారానికి అనర్హత లేకపోయినా, తమ పార్టీ ఓటర్లకు భయపడి సభ్యులు పార్టీ గీత దాటడం అరుదు.

నియోజకవర్గాల హద్దులు గీయడంలో కూడా ఇదే వ్యత్యాసం ఉంది. భారతదేశంలో ఆ పని పునర్విభజన సంఘానిది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది రాష్ట్ర శాసనసభది, అంటే అధికారంలో ఉన్న పార్టీది. పార్టీ ప్రయోజనానికి హద్దులు గీయడాన్ని తాము విచారించలేమని 2019లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో టెక్సస్ రిపబ్లికన్లకు అనుకూలంగా హద్దులు మార్చగా, కాలిఫోర్నియా ఓటర్లు డెమొక్రాట్లకు అనుకూలమైన మార్పును నవంబర్‌లో ఆమోదించారు. ఎన్నికల ఫలితం ఓటర్ల మనోగతాన్ని ఎంతవరకు ప్రతిబింబిస్తుందన్న ప్రశ్నకు ఈ నేపథ్యం లేకుండా సమాధానం దొరకదు.

జన్మతః పౌరసత్వం: పాత తీర్పు, కొత్త ఉత్తర్వు

2025 జనవరి 20న, పదవీ స్వీకారం చేసిన రోజునే, అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వుల్లో ఒకటి తెలుగు కుటుంబాలను నేరుగా తాకింది. తల్లి అనుమతి లేకుండా లేదా విద్యార్థి, ఉద్యోగ వీసాల వంటి తాత్కాలిక అనుమతిపై ఉండి, తండ్రి పౌరుడు గాని, గ్రీన్ కార్డు అనే శాశ్వత నివాస అనుమతి గలవాడు గాని కానప్పుడు, ఆ దంపతులకు అక్కడ పుట్టే బిడ్డను పౌరునిగా గుర్తించరాదని ఆ ఉత్తర్వు ఆదేశించింది.

దీనిపై సాక్ష్యం ఎక్కడుందో చరిత్రే చూపుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను విదేశీయునిగా భావించి అధికారులు అడ్డుకున్నప్పుడు, పద్నాలుగో సవరణ ప్రకారం ఆయన పౌరుడేనని సుప్రీంకోర్టు 1898లో తీర్పునిచ్చింది. తల్లిదండ్రులకు పౌరసత్వం పొందే హక్కే లేని రోజుల్లో బిడ్డకు ఆ హక్కు దక్కింది. వాంగ్ తల్లిదండ్రులు అమెరికాలో స్థిరనివాసులనీ, తాత్కాలిక వీసాపై ఉన్నవారికి ఆ తీర్పు వర్తించదనీ నేటి ప్రభుత్వ వాదన. సవరణలోని పదాలు అటువంటి భేదాన్ని చూపలేదని ఎదుటి పక్షం వాదన. ఉత్తర్వు వెలువడిన మూడు రోజులకే సియాటిల్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని నిలిపివేశారు. జూన్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఒక దిగువ న్యాయమూర్తి దేశమంతటికీ వర్తించే స్టే ఇవ్వడంపై పరిమితులు విధించింది గాని, ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్న మూలప్రశ్నను ముట్టలేదు. ఆనాడు మన మాధ్యమాల్లో కొన్ని జన్మతః పౌరసత్వమే రద్దయినట్లు రాశాయి. తీర్పును చదివినవారికి ఆ పొరపాటు అర్థమైంది. జూలైలో న్యూ హాంప్‌షైర్ కోర్టు, బాధిత శిశువులందరి తరఫున దాఖలైన సామూహిక వ్యాజ్యంలో ఉత్తర్వును మళ్లీ నిలిపివేసింది. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మూలప్రశ్నను విచారణకు స్వీకరించింది.

లక్ష డాలర్ల రుసుము: మొదటి రోజు, మర్నాడు

2025 సెప్టెంబర్ 19న వెలువడిన ప్రకటన కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించింది. అది ఏటా చెల్లించవలసినదని ఒక మంత్రి చెప్పడంతో, సెలవుపై స్వదేశం వచ్చినవారు ఉన్నపళంగా విమానాశ్రయాలకు పరుగులు తీశారు. మర్నాడే శ్వేతసౌధం ఇచ్చిన వివరణ ప్రకారం అది ఒక్కసారి చెల్లించే రుసుము, కొత్త దరఖాస్తులకే వర్తిస్తుంది, ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి ఉద్యోగ హోదాకు మారేవారికి అది వర్తించదని అక్టోబర్‌లో వలస సేవల విభాగం స్పష్టం చేసింది. మూల పత్రాన్ని చూడకుండా తొలి గంటల్లో వచ్చిన మాటను నమ్మినవారు టికెట్ల డబ్బు, మనశ్శాంతి రెండూ కోల్పోయారు.

ఈ ప్రకటనకు ఆధారంగా చూపిన అధికారం కూడా కొత్తది కాదు. దేశ ప్రయోజనాలకు హాని కలిగిస్తుందని భావిస్తే ఏ వర్గపు విదేశీయుల ప్రవేశాన్నైనా నిలిపివేయడానికి అధ్యక్షునికి అధికారమిచ్చిన 1952 నాటి వలస చట్టంలోని నిబంధన అది. ఆ చట్టాన్ని అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ తిరస్కరించినా కాంగ్రెస్ పట్టుబట్టి అమలులోకి తెచ్చింది; 2018లో కొన్ని దేశాల ప్రయాణికులపై విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు ఆ నిబంధన ఆధారంగానే 5-4 ఆధిక్యంతో సమర్థించింది. కాంగ్రెస్ ఏడు దశాబ్దాల క్రితం ఇచ్చిన విశాలమైన అధికారమే నేడు ఈ రూపంలో ప్రత్యక్షమైంది.

సాక్ష్యాన్ని తూచడం

వార్త ఏ స్థాయి నిర్ణయం గురించి చెబుతున్నదో గుర్తించడం పాఠకుడు మొదట చేయవలసిన పని. చదువు ముగించిన విద్యార్థి కొంతకాలం ఉద్యోగానుభవం పొందడానికి వీలు కల్పించే ఓపీటీ, కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల కాక, ప్రభుత్వ శాఖ రూపొందించిన నిబంధన వల్ల కొనసాగుతున్నది. సైన్సు, ఇంజనీరింగు విద్యార్థులకు 2008లో చిన్న బుష్ పాలనలో 17 నెలలు, 2016లో ఒబామా పాలనలో 24 నెలలు అదనపు గడువు లభించింది కూడా నిబంధనల ద్వారానే. హెచ్-1బి వార్షిక సంఖ్య, గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితి కాంగ్రెస్ చట్టంలో ఉన్నాయి. కనుక ఓపీటీని మార్చడం ప్రభుత్వానికి కొంత సులభం, హెచ్-1బి సంఖ్యను మార్చడం కష్టం. లక్షలు వెచ్చించి పిల్లలను పంపే తల్లిదండ్రులకు ఈ ఒక్క భేదం తెలిసినా నిర్ణయాలు మరింత దృఢంగా ఉంటాయి.

కఠినత్వం ఒక్క పార్టీకే పరిమితమన్న నమ్మకాన్ని కూడా రికార్డు సమర్థించదు. అనుమతి లేకుండా ఉన్నవారు తిరిగి రాకుండా మూడేళ్లు, పదేళ్ల నిషేధాలు విధించిన చట్టం 1996లో క్లింటన్ సంతకంతో వచ్చింది; ఒబామా కాలంలో, 2012 ఆర్థిక సంవత్సరంలో నాలుగు లక్షల మందికి పైగా విదేశీయులను తిప్పిపంపారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మోసం బయటపడినప్పుడు నష్టపోయినవారిలో అధికులు తెలుగు విద్యార్థులు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కూడా కట్టారు. వలస అధికారులే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం వ్యవహారం ఒబామా పాలనలో మొదలై, 2019 జనవరిలో ట్రంప్ పాలనలో అరెస్టులతో ముగిసింది. తొలుత అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే.

ఎదుటి పక్షపు వాదనను కూడా న్యాయంగా తూచాలి. హెచ్-1బి వల్ల అమెరికన్లు ఉద్యోగాలు కోల్పోతున్నారన్న ఆరోపణ పూర్తిగా కల్పితం కాదు. 2015లో ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థలో తొలగింపునకు గురైన సాంకేతిక ఉద్యోగులు తమ స్థానంలో వస్తున్న విదేశీ ఉద్యోగులకు తామే పని నేర్పవలసి వచ్చిన ఉదంతం ఆ దేశంలో తీవ్రమైన ఆగ్రహాన్ని కలిగించింది. అదే సమయంలో, సుమారు 17 కోట్ల మంది శ్రామికశక్తి గల దేశంలో పరిమితికి లోబడి ఏటా వచ్చే 85,000 కొత్త వీసాలు మొత్తం నిరుద్యోగానికి కారణమన్న మాట అంకెల ముందు నిలవదు. నష్టం కొన్ని సంస్థల్లో, కొన్ని వృత్తుల్లో నిజం. దేశమంతటికీ అదే కారణమనడం అతిశయోక్తి.

ఎన్నికల గురించిన మాటలకూ ఇదే తూనిక అవసరం. 2020 ఎన్నికల్లో మోసం జరిగిందన్న ఆరోపణతో దాఖలైన సుమారు 60 వ్యాజ్యాలు ఫలితాన్ని మార్చలేకపోయాయి. వాటిని కొట్టివేసినవారిలో ట్రంప్ నియమించిన న్యాయమూర్తులు కూడా ఉన్నారు. 2024లో ఆయన విజయం నిస్సందేహమైనది: అధ్యక్షుని ఎన్నుకునే 538 ఎలక్టోరల్ ఓట్లలో 312 ఆయనకు దక్కాయి, హోరాహోరీగా పోటీ జరిగిన ఏడు రాష్ట్రాలూ ఆయనవే అయ్యాయి. ప్రజల ఓట్లలో మాత్రం ఆయనకు 49.8 శాతం, కమలా హారిస్‌కు 48.3 శాతం వచ్చాయి. అమెరికా అంతా ఒక వైపు మళ్లిందన్న మాటను ఈ అంకెలు అంగీకరించవు. దాదాపు సమానంగా చీలిన దేశంలో కొద్దిపాటి ఆధిక్యం పెద్ద అధికారాన్ని ఇస్తున్నదని అవి చెబుతున్నాయి.

ఒకే చట్టం, రెండు పార్టీలు

1965 చట్టం తెరిచిన దారిలో వెళ్లినవారి జీవితాలు నేటి అమెరికా రాజకీయాల్లో రెండు వైపులా కనిపిస్తున్నాయి. హైదరాబాద్‌లో 1964లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తరువాతి స్థానంలో ఉన్న ఎన్నికైన నాయకురాలు; 1964లోనే హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబర్‌లో వర్జీనియాలో అదే పదవికి ఎన్నికై, అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళగా నిలిచారు. ఇద్దరూ డెమొక్రాట్లు. రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లినవారు. వలసను గట్టిగా సమర్థించే పార్టీలోనూ, కట్టడి చేయాలనే ప్రభుత్వపు అగ్రస్థానంలోనూ తెలుగు నేలతో సంబంధమున్నవారు ఉండగా, ‘మనవాళ్లు’ ఉన్నందువల్ల విధానం మనకు అనుకూలిస్తుందన్న ఆశకు ఆధారం లేదు. విధానాన్ని నిర్ణయించేవి చట్టాలు, కోర్టులు, ఓట్లు.

ఆబిడ్స్, నాంపల్లి పరిసరాల విద్యాలయాల్లో చదువుకుంటూ అమెరికా వైపు చూస్తున్న ప్రతి యువకునికీ, ప్రతి యువతికీ, వారి పెద్దలకూ చేయవలసిన విజ్ఞప్తి ఒక్కటే. అమెరికా నుంచి ఏ వార్త వచ్చినా, అది రాజ్యాంగమా, చట్టమా, శాఖ నిబంధనా, అధ్యక్షుని ఉత్తర్వా అని అడగాలి. ఇటువంటిది ఇంతకుముందు జరిగిందా, అప్పుడు కోర్టులు ఏమన్నాయని అడగాలి. చెబుతున్న అంకె ఏ మొత్తంలో ఎంత భాగమో అడగాలి. మూల పత్రం వెలువడే వరకు ఆస్తులు అమ్మే, టికెట్లు కొనే, చదువు మానే నిర్ణయాలను వాయిదా వేయాలి. 1923లో ముగిసిపోయిందనిపించిన భారతీయుల కథ 1946లో మళ్లీ మొదలైంది, 1965లో విస్తరించింది. 1990లో తెరిచిన దారి 2025లో ఇరుకైంది. ఆ దేశంలో ఏ తలుపూ శాశ్వతంగా తెరిచి ఉండలేదు, ఏదీ శాశ్వతంగా మూసి ఉండలేదు. ఇది తెలిసిన కుటుంబం అమెరికాను ఏకైక ఆశగా పెట్టుకోదు, ఒక్క ఉత్తర్వుతో ఆశ వదులుకోదు.